రంగు వేయించుకోవచ్చు... సీసా సంగతేంటి?

హోసూరులో మా వీధి చివర ఈమధ్య ఒక పొద్దున జనం గుమిగూడారు. ఏమా అని వెళ్ళి చూస్తే, ఇంటి ముందు నిలిపిన కారు బానెట్ మీద రంగు పొక్కులు లేచి, ముడతలు పడి ఉంది. డ్రైవరు వైపు తలుపు మీద పైనుంచి కిందకి చారలు. రాత్రి ఎవరో ఏదో పోసి వెళ్ళారు. ఏం పోశారో ఎవరికీ తెలియదు. ఎవరు పోశారో మాత్రం అందరికీ తెలిసినట్టే మాట్లాడుతున్నారు!

కారు సొంతదారు సిప్కాట్‌లో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి. కంతులింకా తీరలేదు. పాత టవల్ తీసుకుని బానెట్ తుడవబోయాడు. పక్క వీధిలో పెయింటింగ్ షెడ్డు నడిపే పెద్దాయన చూసి కేకేశాడు. "తుడవద్దు నాయనా, ముందు నీళ్ళు పొయ్యి. చేత్తో తాకద్దు" అన్నాడు.

ఆ మాట వెనక అనుభవం ఉంది. కారు రంగు ఒక పొర కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి క్లియర్ కోటు. ఇన్నీ కలిపినా దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండదు. బ్రేక్ ఆయిల్ పడితే రంగు మెత్తబడి ఉబ్బుతుంది. పాత రంగు ఊడదీసే రిమూవరు పడితే కాసేపట్లోనే ముడుచుకుపోతుంది. యాసిడ్ ఎక్కువసేపు నిలిస్తే మరకలు పడతాయి. ఎక్కడైనా పాత గీత ఉందంటే అందులోంచి రేకు దాకా దిగి తుప్పు మొదలవుతుంది. పొడి గుడ్డతో రుద్దితే ఆ మందు నలుమూలలా పాకుతుంది, మెత్తబడిన రంగు గుడ్డతో పాటే ఊడొస్తుంది.

కాబట్టి ఇలాంటిది ఎవరికైనా జరిగితే మొదట సెల్‌ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోండి. దానికి నిమిషం చాలు. తర్వాత చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్ళకు చెప్పులు వేసుకుని, చిమ్మిన నీళ్ళు మీద పడకుండా కాస్త దూరంగా నిలబడి పైపుతో ధారాళంగా నీళ్ళు పట్టండి. అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగుల్లోకి, తలుపు సందుల్లోకి కూడా నీళ్ళు పోవాలి. పడింది యాసిడ్ అని తేలితే, నీళ్ళతో బాగా కడిగాక వంటసోడా కలిపిన నీళ్ళు పోసి, మళ్ళీ మంచినీళ్ళతో కడగొచ్చు. దగ్గర్లో సీసా, మూత కనిపిస్తే తాకకుండా అక్కడే ఉంచండి.

కడిగి ఆరాక గోటితో మెల్లగా గీసి చూస్తే దెబ్బ ఎంత లోతో కొంత అర్థమవుతుంది. గోరు ఎక్కడా తట్టకుండా, మసక మాత్రమే కనిపిస్తే దెబ్బ క్లియర్ కోటు దాకానే తగిలి ఉండొచ్చు. సన్నటి నీటి కాగితంతో రుద్ది, కాంపౌండు పెట్టి పాలిష్ చేస్తే చాలావరకు పోతుంది. గోరు తట్టినా, పొక్కులు లేచినా పాలిష్‌తో పనికాదు. చెడిన పొరలన్నీ గీకేసి, మందు అవశేషం లేకుండా శుభ్రం చేసి, ప్రైమరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ శుభ్రం చేసే దగ్గరే కొందరు తొందరపడతారు. అడుగున యాసిడ్ చెమ్మ మిగిలిపోతే, పైన ఎంత మెరిసే రంగు వేసినా కొన్నాళ్ళకు మళ్ళీ పొక్కులు లేస్తాయి. మెటాలిక్ రంగయితే ఒక్క బానెట్‌కే వేస్తే పక్క రేకుతో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగును పక్క రేకు మీదికి కూడా కొంత పలచగా కలపాలి. షెడ్డుకు వెళ్ళేముందు కారు మీద రాసి ఉండే రంగు కోడు చూసుకుని వెళ్ళండి.

ఇంతవరకు మేస్త్రీ పని. లేలాండ్, టీవీఎస్ కర్మాగారాలున్న ఊరు మనది. మంచి పెయింటర్లకు కరువు లేదు. అసలు చిక్కు పెయింటు దగ్గర లేదు.

ఆ రోజు వీధి పెద్దలు ఏమన్నారంటే, "పోనీలే, రంగే కదా. పోలీసు స్టేషన్‌కి పోతే రేపట్నుంచి ముఖముఖాలు ఎలా చూసుకుంటాం?" ఆయనా సరేనన్నాడు. సాయంత్రానికల్లా కారు షెడ్డుకెళ్ళింది. బానెట్ గీకేశారు. వారం తర్వాత ఎవరో ఇన్సూరెన్స్ మాటెత్తారు. అప్పటికి సర్వేయరు వచ్చి చూడటానికి ఏం మిగిలింది? చేతి డబ్బు పోయింది.

ఇన్సూరెన్స్ గురించి మనవాళ్ళు తెలుసుకోవాల్సింది కొంత ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఇలాంటి నష్టానికి పైసా రాదు. సొంత వాహన నష్టానికి కూడా కట్టిన పాలసీలో, ఎవరైనా కావాలని చేసిన హాని సాధారణంగా కలిసే ఉంటుంది. అయినా మొత్తం రాదు. పెయింటు సరుకు ఖర్చులో మామూలుగా సగం కోత పడుతుంది. 1500 సీసీ లోపు కారుకి మరో వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. పైగా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది 20 నుంచి 50 శాతం దాకా ఉండొచ్చు. కాబట్టి చిన్న పాలిష్ పనికి క్లెయిమ్ అక్కర్లేదు. రెండు మూడు రేకులకు రంగు వేయాల్సి వస్తే లెక్క వేసుకుని అడగాలి. ఏది చేసినా సర్వేయరు చూడకముందు రిపేరు మొదలుపెట్టకూడదు.

చట్టం కూడా నష్టం ఎంత అనే అడుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం ఇలా ఆస్తి పాడుచేస్తే మామూలుగా ఆరు నెలల దాకా జైలు. నష్టం 20 వేలు దాటితే రెండేళ్ళ దాకా, లక్ష దాటితే అయిదేళ్ళ దాకా. అందుకే షెడ్డు నుంచి ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోవాలి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే సీఎస్ఆర్ రసీదు అడిగి తీసుకోవాలి. కేసు నమోదయితే ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తమిళం మాట్లాడతాం గానీ రాయలేం అని మనవాళ్ళలో చాలామంది వెనకడుగు వేస్తారు. రాయడం వచ్చినవాళ్ళను వెంట తీసుకుపోండి. రాసింది చదివించుకుని, తేదీ, సమయం, బండి నంబరు సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.

"రంగే కదా" అనే మాట నాకు ఎందుకు మింగుడుపడదో చెప్తాను. ఆ రాత్రి పోసింది యాసిడ్ అయితే, అదే సీసా రేపు మనిషి ముఖం మీద పడదని ఎవరు హామీ ఇస్తారు? 2013 జూలై 18న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొనేవారి వివరాలు రిజిస్టరులో రాయకుండా, ఫొటో గుర్తింపు కార్డు చూడకుండా, ఎందుకో అడగకుండా యాసిడ్ అమ్మకూడదు. 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అసలే ఇవ్వకూడదు. తప్పితే 50 వేల దాకా జరిమానా. మీ వీధి అంగడిలో బాత్రూమ్ యాసిడ్ కొన్నప్పుడు ఎవరైనా మీ కార్డు అడిగారా? నన్ను ఎవరూ అడగలేదు. మనిషిని గాయపరిస్తే పదేళ్ళకు తగ్గకుండా శిక్ష వేసే సరుకు, ఫినాయిల్ పక్కన బల్ల మీద ఉంటుంది.

ఇంకో సంగతి. పక్కింటాయన గేటుకు అడ్డంగా ఆ కారు నిలుపుతారని చాన్నాళ్ళుగా మాటామాటా ఉన్న సంగతి వీధికంతా తెలుసు. ఆయన బాధలోనూ న్యాయం ఉంది. ఎద్దుబండ్లు తిరిగిన సందుల్లో ఇప్పుడు ఇంటికో కారు. కార్పొరేషన్ వాళ్ళు ఒకవైపే పార్కింగ్ అని గీత గీసి, బోర్డు పెడితే సగం తగాదాలు తీరతాయి. కానీ తగాదా ఉన్నంత మాత్రాన సీసా ఆయనదే అయిపోతుందా? మూడు భాషలు కలగలిసిన ఊరు మనది. ఇంటాయనది ఒక భాష, పక్కింటాయనది ఒక భాష. అంతే, "వాళ్ళ పనే" అనే మాట గాలిలా పాకింది. ఫిర్యాదు లేదు గనక విచారణ లేదు. ఎదురింటి సీసీ కెమెరా ఎవరూ చూడలేదు. ఆయన చేశాడో లేదో తేలే దారి మూసుకుపోయింది.

ఫిర్యాదు చేస్తే పరువు పోతుందని మనం అనుకుంటాం. నిజానికి ఫిర్యాదు అనుమానం పడ్డ మనిషికి కూడా రక్షణే. చేయనివాడు చేయలేదని తేలడానికి అదొక్కటే దారి.

ఇప్పుడు ఆ బానెట్ కొత్తదానిలా మెరుస్తోంది. పెద్దాయన పని అంత చక్కగా చేశాడు. రెండిళ్ళ మధ్య మాత్రం మాటల్లేవు. పిల్లలు కూడా కలిసి ఆడుకోవడం మానేశారు. దానికి ఏ షెడ్డులోనూ రంగు దొరకదు.