ఇది గాలి కాదు, బీపీ!

కడుపుతో ఉన్న ఆడబిడ్డకు ఫిట్స్ వస్తే మన పల్లెల్లో ఏమంటారు? గాలి సోకిందంటారు. గుర్రపువాతమంటారు. ప్రాణం పోతే తలరాత అంటారు. మేం అడుగుతున్నాం: బీపీ చూడకపోవడం తలరాత ఎలా అవుతుంది?

రామతీర్థం రాముడికి మొక్కుదాం, కాదనం. కానీ మొక్కుతో బీపీ దిగదు. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం దాని హెచ్చరికలు. కొందరికి ఏ హెచ్చరికా ఉండదు. బీపీ చూస్తేనే బయటపడుతుంది. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు.

తొలిచూలు వారికే ఈ ముప్పు ఎక్కువ. తొలి పురుడు పుట్టింట్లో పోయడం మన ఆనవాయితీ. అత్తగారి ఊళ్లో బీపీ చూసిన ఏఎన్ఎం ఒకరు, పుట్టింటి ఊళ్లో చూడాల్సినవారు మరొకరు. పొట్ట చేతపట్టుకుని వలసపోయిన ఆడకూలీని ఎవరు చూస్తారు? ముప్పు ముదిరే నెలల్లోనే లెక్క తెగిపోతోంది!

మందు లేదా? ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్. 33 దేశాల్లో సుమారు 10 వేల మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేలింది. పూర్తి వైద్యం చేయలేని చోట కూడా తొలి మోతాదు ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. సూది వేయకుండా రిఫర్ చీటీ రాసి బండెక్కించడం వైద్యమా? చేతులు దులుపుకోవడం!

ఏఎన్ఎంలను, ఆశా అక్కలను నిందించడం మా ఉద్దేశం కాదు. బీపీ మిషన్ పాడైతే బాగుచేయించాల్సింది, మందు అయిపోతే తెప్పించాల్సింది పైనున్న అధికారులు. ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలని 2016లో కేంద్రం పథకం పెట్టింది. మంచిదే. మరి మిగతా రోజుల మాటేమిటి?

ఉద్యోగులారా, విద్యార్థులారా! మీ ఇంట్లో, మీ వీధిలో కడుపుతో ఉన్నవారి కార్డు అడిగి చూడండి. బీపీ గడి ఖాళీగా ఉంటే ఆసుపత్రికెళ్లి నిలదీయండి. పుట్టింటికి సారెతో పాటు ఆ కార్డూ పంపండి. తలరాత సంగతి తర్వాత. కార్డు మీద రాత ఉందో లేదో ముందు తేల్చుకుందాం!