కష్టాలు రాటుదేలుస్తాయా?

మన కాలేజీలో ఏ సభ జరిగినా, ముఖ్య అతిథిగా విచ్చేసిన పెద్దమనిషి ఒక మాట తప్పకుండా సెలవిస్తారు: “మేం వీధిదీపాల కింద చదివాం, గంజి తాగి పెరిగాం, అందుకే ఇంతటివాళ్లమయ్యాం.” మనం చప్పట్లు కొడతాం. నాకొక సందేహం. ఆయనతోపాటు అదే గంజి తాగిన మిగతా పిల్లలేమయ్యారు? వాళ్లను వేదిక మీదికి ఎవరూ పిలవరు గదా!

పేదరికం మనిషిని రాటుదేలుస్తుందనే యీ నమ్మకం వినడానికి కమ్మగా వుంటుంది. శరీరం మాత్రం ఒప్పుకోదు. కడుపులో బిడ్డకు తిండి చాలకపోతే, దొరికిన కాస్తా మెదడుకు మళ్లి, కాలేయానికీ, క్లోమానికీ కోత పడుతుంది. క్లోమం నుంచే గదా ఇన్సులిన్ రావాలి! అలా పుట్టినవాడు నలభయ్యో ఏట పట్నంలో కుర్చీ వుద్యోగంలో కుదిరి, రెండు పూటలా కడుపునిండా తెల్లన్నం తింటే చక్కెరవ్యాధికి తేలిగ్గా లొంగిపోతాడు. “బాగుపడ్డాక రోగాలొచ్చాయి” అంటారు ఇంట్లోవాళ్లు. ఆ రోగం ఎప్పుడో బయలుదేరింది. ఇంగ్లండులో హేల్స్, బార్కర్ అనే శాస్త్రజ్ఞులు 1992లో చేసిన ప్రతిపాదన సారాంశం యిదే.

అంతదూరం దేనికి? తార్నాకలో, ఉస్మానియా ప్రాంగణం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ వుంది. ఆ సంస్థవారు 1987-90 మధ్య హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో ఒక పరిశీలన జరిపారు. 15 వూళ్లలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా 14 వూళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003-05లో, ఆ పిల్లలు పదమూడు మొదలు పద్ధెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ కొలిచారు. ఉప్మా పెట్టిన వూళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. “ఓస్, ఇంతేనా!” అన్నాడు నా రూమ్మేటు. సరే, పొడుగు మాట వదిలేద్దాం. వాళ్ల రక్తనాళాల్లో బిరుసుతనం తక్కువ, శరీరంలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. తర్వాత మరికొందరు లెక్కలు తీస్తే వాళ్లు చదివిన తరగతులూ ఎక్కువేనని తేలింది. మనం హాస్టల్లో మొహం తిప్పుకునే ఉప్మా చేసిన పని యిది!

తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి గర్భిణికి అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టే పథకం. మంచిదే. కాని మిట్టమధ్యాహ్నం కలుపు వదిలి, అరమైలు నడిచొచ్చి తినిపోతానంటే ఏ ఆసామి వూరుకుంటాడు? మా చిన్నమ్మ ఎనిమిదో నెల దాకా నాట్లకు వెళ్లింది. తిండి దొరక్క కాదు, కూలి పోతుందని. 2013 ఆహారభద్రతా చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా యివ్వాలంది. 2017లో వచ్చిన కేంద్ర పథకం మొదటి కాన్పుకు 5,000 చాలంది. చట్టం రాసిన చేతికీ, డబ్బిచ్చే చేతికీ పొత్తు కుదరలేదన్నమాట.

అందుచేత నా ప్రతిపాదన: కూలికి పోయే ప్రతి గర్భిణికీ భోజనంతోపాటు చివరి మూడు నెలల కూలి డబ్బు కూడా ముట్టజెప్పాలని మన సంఘం తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలి. కాదనేవాళ్లు సర్వసభ్య సమావేశానికి వచ్చి వాదించండి, నేను సిద్ధం.