చావును బయట పెట్టిన వైద్యాలయం

ఎపిడారస్ చూసివచ్చినవారు రాసే యాత్రావ్యాసాల్లో రెండు మాటలు తరచుగా దొర్లుతుంటాయి. వేదిక నడుమ నాణెం జారవిడిస్తే చిట్టచివరి, యాభై అయిదో వరుస దాకా స్పష్టంగా వినిపిస్తుందన్నది మొదటిది. ప్రాచీన గ్రీకులు అక్కడ దేహాన్నీ మనసునూ విడదీయని సమగ్ర వైద్యం చేసేవారనీ, నాటకం కూడా అందులో ఒక మందనీ రెండవది. నాణెం చప్పుడు నాణేనిదని సగం వరుసల వరకే పోల్చుకోగలమని, గుసగుస మొదటి వరుస దాటితే అర్థం కాదని 2017లో ఐండ్‌హోవెన్ పరిశోధకులు తేల్చారు. ఆ ముచ్చట వల్ల ఎవరికీ నష్టం లేదు. రెండవ మాట అలా వదిలేయదగ్గది కాదు.

క్రీ.శ. 2వ శతాబ్దిలో ఆ క్షేత్రాన్ని దర్శించిన పాసేనియస్ ఒక నియమాన్ని నమోదు చేశాడు. అస్క్లీపియస్ ప్రాకారం లోపల ఎవరూ మరణించకూడదు, ఏ స్త్రీ ప్రసవించకూడదు. మైల అన్న మాట తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ప్రసవించే స్త్రీలకు నీడ లేదనీ, రోగులు ఆరుబయట ప్రాణాలు విడిచేవారనీ కూడా ఆయనే రాశాడు. చివరికి ఆంటొనైనస్ అనే రోమన్ సెనేటర్ వారికోసం ఒక భవనం కట్టించాడు. ఆ ఆవరణ చరిత్రలో ఆసుపత్రి అనదగినది నాకు తెలిసి అదొక్కటే. దాని గురించి పారవశ్యంతో రాసినవారెవరూ నా కంటబడలేదు.

మరి స్వస్థత పొందినవారి మాట? శిలాఫలకాల మీద ఇప్పటికీ డెబ్బై దాకా వృత్తాంతాలు మిగిలాయి. అయిదేళ్లు గర్భం మోసిన క్లియో ఆ గుడిలో నిద్రచేసి, ప్రాకారం దాటగానే కొడుకును కన్నది. అద్భుతం కూడా గీత దాటాకే జరిగిందని గమనించండి! చూపు వచ్చాక కానుక చెల్లించని హెర్మోన్‌ను దేవుడు మళ్లీ గుడ్డివాణ్ణి చేశాడు. చెక్కించినది దేవాలయం, ఓడిపోయిన రోగికి అక్కడ రాయి లేదు. మృత్యుముఖంలో ఉన్నవారిని వేరేచోటికి తీసుకుపొమ్మని, ఆ పైన తన విజయాల లెక్క గుమ్మంలో వేలాడదీసే ఆసుపత్రిని ఈనాడు ఏమంటామో చెప్పనక్కరలేదు.

ఆనాటి ఆచారాన్ని నేటి తూకపురాళ్లతో తూచకూడదంటారు. సరే, తూచవద్దు. అయితే నేటి సమగ్ర వైద్యమనే బిరుదు దానికి తగిలించడమెందుకు? నిద్ర, నీరు, కొండగాలి, కాస్త ఆశ రోగికి ఊరటనిస్తాయి, నేను కాదనను. ఊరటకు చికిత్స అని పేరు పెట్టడంతోనే పేచీ.

సాహిత్యాభిమానులు ఈ మాటకు తలూపడం మరీ ఆశ్చర్యం. నాటకానికి గౌరవం దక్కాలంటే అది మందుసీసాలో ఇమడాలా? క్రీ.పూ. 388లో అరిస్టోఫనీస్ 'ప్లూటస్'లో అస్క్లీపియస్ పూజారి చీకట్లో నైవేద్యాలు మూటగట్టుకోవడం చూపించి నవ్వించాడు. సోఫోక్లిస్ ఇంకా ముందుకు వెళ్లాడు. 'ఫిలొక్టెటీస్'లో మానని పుండుతో అరిచే సహచరుణ్ణి గ్రీకు సేన నిర్జన ద్వీపంలో వదిలేసి పోతుంది. ఒడిస్యూస్ చెప్పిన కారణం: ఆ కేకల వల్ల తర్పణాలు, బలులు ప్రశాంతంగా సాగడం లేదు. చివరకు ఆ రోగి కోసం అస్క్లీపియస్‌ను ట్రాయ్‌కే పంపిస్తానని హెరాక్లిస్ మాట ఇస్తాడు.

నాటకం మందు అంటున్నవారు దీన్ని ఒకసారి చదివి, ఇది ఎవరి జబ్బుకు మందో చెప్పాలి.