తాడు తిప్పితే తెలిసే యాంటెన్నా

మన జేకేపూర్, రాయగడ, కోరాపుట్ వైపు కాలనీల నుంచి ఇంజనీరింగ్‌కి వెళ్ళిన పిల్లలు ఆఖరి ఏడాదికి రాగానే ప్రాజెక్టు అంటారు. ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తెచ్చే పేర్లలో ‘సర్క్యులర్లీ పోలరైజ్డ్ యాంటెన్నా’ ఒకటి. పేరు వినగానే మనం జడిసిపోయి, రెడీమేడ్‌గా కొనుక్కోమని డబ్బులిచ్చేస్తాం. ఓవర్‌టైం చేసి దాచిన డబ్బు కదా అది! అందుకే ఈ నెల ఆ యాంటెన్నా సంగతే రాస్తున్నాను.

తాడు ఒక కొస గుంజకి కట్టి, రెండో కొస పట్టుకుని కిందకీ మీదకీ ఊపండి. అల నిలువుగా పోతుంది. అలాంటి తరంగాన్ని అందుకునే యాంటెన్నా కూడా నిలువుగానే ఉండాలి, అడ్డంగా పెడితే దాదాపు ఏమీ అందదు. ఇప్పుడు తాడుని గుండ్రంగా తిప్పండి. అల చుట్లు తిరుగుతూ పోతుంది. ఇదే సర్క్యులర్ పోలరైజేషన్. అందుకునేది కూడా అలాంటి యాంటెన్నాయే అయితే, ఉన్నచోటే ఎటు తిప్పినా సిగ్నల్ తగ్గదు.

శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటి ఉపగ్రహం ఎగిరిన మన నావిక్, అమెరికా వాళ్ళ జీపీఎస్, రెండూ కుడిచుట్టు తరంగాలే పంపుతాయి. పై వాతావరణం దాటేటప్పుడు మామూలు అల వాలు మారిపోతుంది. చుట్టు తిరిగే అలకి ఆ బాధ లేదు. గోడకో నీటికో తగిలి వచ్చిన అల చాలావరకు ఎడమచుట్టు అయిపోతుంది, కాబట్టి కుడిచుట్టు యాంటెన్నా దాన్ని పెద్దగా తీసుకోదు.

ఇక తయారీ. రాగిపూత బోర్డు మీద చదరపు ముక్క ఉంచి, ఐమూలగా ఉన్న రెండు మూలలు కొద్దిగా కత్తిరిస్తారు. దాంతో ఒకదానికొకటి అడ్డంగా రెండు అలలు సమాన బలంతో పుడతాయి. ఒకటి రెండోదానికన్నా పావు చుట్టు వెనక ఉంటుంది. రెండూ కలిస్తే గుండ్రం.

మనకి ఇంగ్లీషు రాకపోయినా పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఏ ఫ్రీక్వెన్సీకి చేస్తున్నావు? (జీపీఎస్‌కైతే 1575.42 మెగాహెర్ట్జ్ అనాలి.) మూలలు ఎంత కోశావు, ఎందుకు? యాక్సియల్ రేషియో ఎంత వచ్చింది? అది గుండ్రం ఎంత సరిగ్గా వచ్చిందో చెప్పే కొలత. సున్నా డీబీ అయితే పక్కా గుండ్రం, 3 డీబీ లోపు ఉంటే పనికొస్తుందంటారు.

తను చేసిన పిల్ల ఈ మూడూ తాడు పట్టుకునే చెప్పేస్తుంది. కొనితెచ్చినవాడు రిపోర్టు తిరగేస్తాడు. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగేదీ ఇలాంటివే. డబ్బులిచ్చే ముందు ఒక్కసారి అడిగి చూడండి.