తెలుగునాట స్త్రీవాదపు అలలు

తెలుగునాట స్త్రీల ప్రశ్నను మొదట భుజానికెత్తుకున్నది సంస్కర్తలు. 1881లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. తమ్ముడి చదువు చూసి అక్షరాలు దిద్దుకున్న భండారు అచ్చమాంబ 1902 నాటికే కథలు రాశారు. అయితే ఆ తొలి అల ఎక్కువగా అగ్రవర్ణాల గడపలోపలే నిలిచింది.

రెండో అల కోపంలోంచి పుట్టింది. 1978లో హైదరాబాదులో రమీజాబీపై పోలీసుల అత్యాచారం నగరాన్ని కుదిపేసింది. ఆ ఏడే స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల సంఘం ఏర్పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వాళ్ల నోటనే చెప్పించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం స్త్రీవాద కవిత్వానికి చిరునామా అయింది.

పుస్తకాలకు ఆవల, బహుశా అన్నింటికన్నా బలంగా, నెల్లూరు జిల్లా దూబగుంట కదిలింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, ఇంటి కూలి డబ్బు సారాపాలవుతున్న సంగతి మాట్లాడుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. మరుసటి ఏడే ప్రభుత్వం సారాను నిషేధించింది.

అయితే ఈ రెండో అల స్త్రీవాదంలో తమ కులం, మతం, వెలివాడ ఎక్కడని దళిత, ముస్లిం స్త్రీలు నిలదీశారు. న్యాయమైన నిలదీత అది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల ఎనిమిది దశాబ్దాల రచనను ఒకచోట చేర్చింది.