కుర్చీతోపాటు శిక్షణయు

వికలాంగునకు విద్యుత్ చక్రాల కుర్చీని అందజేసినంతనే మన బాధ్యత తీరినదని తలచుట పొరపాటు. ఆ కుర్చీ బరువైనది. చేతి క్రింది పిడిని కొంచెము త్రోసిన చాలును, కదలిపోవును. క్రొత్తవారికి దానిని అదుపులో నుంచుట సులభము కాదు.

హౌరా చేరువనున్న సంత్రాగాఛి జంక్షనునే చూడుడు. 2018 అక్టోబరు 23న అచ్చటి పాదచారుల వంతెనపై జరిగిన తొక్కిసలాటలో కాళ్లపై నడువగలవారే ప్రాణములు కోల్పోయిరి. అట్టి జనసమ్మర్దములో, ప్లాట్‌ఫారము అంచున, కుర్చీ తడబడినచో ఏమగును?

కావున తొలి పాఠములను వర్చువల్ రియాలిటీ ద్వారా నేర్పుట మేలు. కండ్లకు సాధనమును తగిలించుకొని, పిడిని త్రిప్పుచు, ఇరుకు ద్వారములను, వాలుదారులను, గుంపులను దాటుట అభ్యసింపవచ్చును. గోడకు తగిలినను దెబ్బ లేదు. భయము తీరువరకు మరల మరల యత్నింపవచ్చును. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఇట్టి పరికరము రూపొందినది.

అయితే ఇది అసలు అభ్యాసమునకు బదులు కాదు. నేల కుదుపు, వాలుపై శరీరము ఒరగుట నిజమైన కుర్చీలోనే తెలియును. కొందరికి కన్నుల ముందరి దృశ్యము వలన తల తిరుగును, వారిని బలవంతపెట్టరాదు. పిమ్మట శిక్షకుని సమక్షమున నిజమైన దారిలో నడిపింపవలెను.

కోల్‌కతాలోని బన్‌హుగ్లీలో 1978లో నెలకొల్పబడిన చలన వైకల్యముల జాతీయ సంస్థ వంటివి ఇందుకు పూనుకొనవలెనని మా అభిప్రాయము. నేర్చినవానికి వాలుదారియు, లిఫ్టును లేకున్న ఆ నేర్పు గది గడప దాటదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కోరునదియు అట్టి దారినే. కుర్చీ, శిక్షణ, దారి: మూడును కలిసినప్పుడే స్వేచ్ఛ.