బొమ్మల కథలో రాసేదేముంటుంది?

కామిక్ పుస్తకం చేతికి రాగానే బొమ్మలు ఎవరు వేశారని చూస్తాం. కథ ఎవరు రాశారని అడిగేవాళ్లు తక్కువ. నేనూ అలాంటిదొకటి రాస్తున్నానని చెబితే మా చిన్నమ్మ కొడుకు నవ్వేశాడు. "బొమ్మల పుస్తకంల రాసేదేముంటదక్కా? పనంతా గీసెటోనిదే గదా!" అన్నాడు. బాగా చదువుకున్నవాళ్లలోనూ ఇదే అభిప్రాయం ఉంది. ఇంతకీ, నిజంగా రాసేదేమీ ఉండదా?

మామూలు కథ రాసేటప్పుడు "ఆమె గుండె బరువెక్కింది" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతాం. బొమ్మల కథలో ఆ బరువు కంటికి కనిపించాలి. కలుపుతున్న అన్నం చేతిలోనే ఆగిపోయిందనో, చెంగు వేలికి చుట్టుకుంటోందనో రాసిస్తేనే బొమ్మ వేసేవారికి దారి దొరుకుతుంది. పేజీకి ఐదారు గడులుంటాయనుకోండి, ఒక్కో గడిలో ఒక్క పనే జరగాలి. మనిషి లేచి, తలుపు తీసి, వీధిలోకి పరిగెత్తాడని ఒకే గడికి రాస్తే పాపం వాళ్లు ఏది గీయాలి? మాటల బుడగలో పదిహేను మాటలు పట్టడమే గొప్ప. బొమ్మలో వాన కురుస్తుంటే పైన మళ్లీ "వాన కురుస్తోంది" అని రాయక్కర్లేదు. పిల్లలు ఉలిక్కిపడాల్సిన బొమ్మ పేజీ తిప్పాకే రావాలి. ఎదుటి పేజీలో పెడితే వాళ్ల కన్ను ముందే దానిమీద పడుతుంది, కథ తుస్సుమంటుంది.

మన మేడారం కథనే తీసుకోండి. వెన్నుపోటు తిన్న సమ్మక్క నెత్తురోడుతూ చిలకలగుట్ట వైపు నడిచి మాయమైందనీ, వెతకబోయిన వాళ్లకు కుంకుమ భరిణె దొరికిందనీ జనం చెప్పుకుంటారు. కథగా రాస్తే రెండు పేజీలు నిండుతాయి. బొమ్మల కథకు నాలుగు గడులు చాలు. వెనక నుంచి కనిపించే సమ్మక్క, దారి మీద నెత్తుటి చుక్కలు, మనిషి జాడ లేని గుట్ట, చివరికి భరిణె. ఒక్క మాటా వద్దు. ఇక్కడ మాట వద్దని తేల్చుకోవడం కూడా రాయడమే.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. చేర్యాల పటాలు చూశారు కదా! 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసిన ఊరది. అక్కడి నకాశీలు ఎర్రరంగు పూసిన గుడ్డ మీద 3 అడుగుల వెడల్పున, 40 అడుగుల పైన పొడవుతో కథలకు బొమ్మలు వేసేవారు. పైనుంచి కిందికి వరసగా గడులే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల లాంటి కథకులు ఆ పటం విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ ఊరూరా కథ చెప్పేవారు. గీసేది ఒకరు, చెప్పేది ఒకరు. ఎవరు ఎందుకలా చేశారు, ఎవరి మనసులో ఏముంది అన్నది కథకుడి నోటి నుంచి రావాల్సిందే. ఆ నోరు లేకపోతే పటం మూగదే.

బయట కూడా అంతే. ఫ్రాన్సులో 1959లో మొదలైన ఆస్టెరిక్స్‌కు బొమ్మలు ఉడెర్జోవి, రాత గొస్సినీది. మన దేశంలో 1967లో అనంత్ పై ప్రారంభించిన అమర చిత్ర కథకు కమలా చంద్రకాంత్ ఎన్నో పుస్తకాలు రాశారు. అంబేద్కర్ జీవితం మీద 2011లో 'భీమాయన' వచ్చింది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు గోండు పద్ధతిలో బొమ్మలు వేస్తే, శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ కథ రాశారు. అందులో మంచి మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది. కుట్టే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది! రాతా గీతా అంతగా కలిసిపోయాయి.

మరి తెలుగులో? బుజ్జాయి గారి 'డుంబు' మనకుంది. కానీ ఆ బాటలో నడిచినవాళ్లు ఎందరు? రాసినవాళ్ల పేరు చెప్పే అలవాటూ మనకు తక్కువే. 'తోకచుక్క' లాంటి సీరియళ్లతో తరాల పిల్లల్ని చందమామ కోసం ఎదురుచూసేలా చేసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ల మీద ఉండేది కాదు. పేరు కూడా దక్కని పనికి కొత్తవాళ్లు ఎందుకొస్తారు?

దీనివల్ల నష్టం పిల్లలకే. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు పేరా కనిపిస్తే పుస్తకం మూసేస్తున్నారు. తెలంగాణలో 2018లో చట్టం తెచ్చి బళ్లలో తెలుగు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ చదవాలనే కోరిక చట్టంతో పుట్టదు కదా! పేరా చూసి భయపడే పిల్ల బుడగలోని నాలుగు మాటలు చదువుతుంది. ఆ నాలుగు మాటలు మన ఇంటి మాటలైతే తర్వాతి గడికి తనే వెళ్తుంది. ఇంగ్లీషులోంచి దించిన వాక్యాలైతే అక్కడే ఆగిపోతుంది.

అందుకే ఈ పనికి ఇల్లాళ్లు ముందుకు రావాలంటాను. ముద్ద ముద్దకీ కథ ఆపి, "తర్వాతేమైందమ్మా?" అనిపించుకున్నవాళ్లం మనం. పిల్లల ధ్యాస ఎక్కడ జారిపోతుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? బొమ్మలు రావని వెనకాడకండి. ఒక కాగితాన్ని ఎనిమిది మడతలు వేసి, ఒక్కో గడిలో ఏం కనిపించాలో, ఎవరేం అనాలో రాసి చూడండి. ముగ్గుకు చుక్కలు మనం పెడితే, గీత కలిపేవాళ్లు దొరక్కపోరు.

పత్రికల వారికీ ఒక మనవి. బొమ్మల కథ అచ్చువేసినప్పుడు గీసినవారి పేరు పక్కనే రాసినవారి పేరూ వేయండి. పారితోషికం కూడా ఇద్దరికీ ఇవ్వండి. పిల్లల కోసమే కదా అని ఉత్తపుణ్యానికి రాయించుకోవడం ఇకనైనా మానుకోవాలి.